పితూరీని మరచిన విగ్రహం

ఈ వ్యాసాన్ని ఒక తప్పు ఒప్పుకొని మొదలుపెట్టవలసి ఉన్నది. తప్పంటే పెద్దదేమీ కాదు, ఒక వాక్యాన్ని కొట్టివేశాను. నా వాక్యమే, నా చేతితోనే. కాని ఆ ఒక్క గీత వెనక ముప్పయి నాలుగేళ్ళుగా నేను పిల్లలకు చెప్పిన చరిత్ర పాఠమంతా నిలబడి ఉన్నదని తరువాతగాని తెలిసిరాలేదు.

నేను సాంఘిక శాస్త్రం ఉపాధ్యాయుణ్ణి. ఉద్యోగం ఖమ్మంలో మొదలై, భద్రాచలం ఆవలి పల్లెల్లో ముగిసింది. ఆ పల్లెలకు పోయే దారి సంగతి తెలియనివారికి కొంచెం చెప్పాలి. భద్రాచలం తాలూకా ఒకప్పుడు తూర్పు గోదావరి జిల్లాలోది. 1959లో దాన్ని ఖమ్మం జిల్లాలో కలిపారు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం పేరుతో చుట్టుపక్కల పల్లెలు ఆంధ్రప్రదేశ్‌కు పోయి, పట్నం మటుకు తెలంగాణలో మిగిలింది. అందుచేత భద్రాచలంలో బస్సెక్కి దుమ్ముగూడెం పోయేవాడు ఎటపాక దగ్గర తెలంగాణ దాటి, కాసేపు ఆంధ్రలో ప్రయాణం చేసి, మళ్ళీ తెలంగాణలో దిగుతాడు. టిక్కెట్టు ఒకటే, అడవి ఒకటే, ఎండాకాలంలో తునికాకు కట్టలు మోసుకొచ్చే కోయవాళ్ళూ ఒకటే. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రలో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఎటపాక మండలం అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. అంటే ఆ రోజుల్లో మా బస్సు వెళ్ళేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి రామరాజు పేరు మీదుగా పోయివచ్చేదన్నమాట.

ఆ యేడు జులై 4న ఆయన 125వ జయంతి. భీమవరంలో ప్రధానమంత్రి వచ్చి ముప్పయి అడుగుల కంచు విగ్రహాన్ని ఆవిష్కరించారు. మా ప్రాంతంలో కూడా ఒక విద్యాసంస్థ వారు సభ చేసి, ఒక ప్రత్యేక సంచిక వేయాలని సంకల్పించారు. రిటైరైన మాస్టారికి తీరిక ఉంటుంది గదా అని నన్ను నాలుగు పేజీలు రాయమన్నారు. రాశాను. పాండ్రంగిలో పుట్టటం, కృష్ణదేవిపేట చేరటం, 1922 ఆగస్టులో వరసగా మూడు రోజులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడటం, 1924 మే 7న కొయ్యూరు దగ్గర చావటం, అన్నీ రాశాను. చివర ఒక వాక్యం చేర్చాను: రామరాజు తిరుగుబాటుకు మూలమైన అడవి తగాదా ఆయనతో పోలేదు, మన పల్లెల్లో ఈనాటికీ నడుస్తున్నది. అంతే.

రెండు రోజులకు సంచిక పని చూస్తున్నాయన మా ఇంటికి వచ్చాడు. మంచివాడు, పిల్లలంటే ప్రేమ ఉన్నవాడు. "మాస్టారూ, వ్యాసం చాలా బాగున్నది. ఈ చివరి వాక్యం ఒక్కటీ తీసేద్దామా? జయంతి నాడు తగాదాలెందుకు? వేదిక మీద అన్ని శాఖల వాళ్ళూ ఉంటారు" అన్నాడు. నేను వాదించానా? లేదు. కాఫీ చల్లారకముందే కలం తీసి కొట్టివేశాను. పైగా, ఆ వాక్యం తీసివేసినా వ్యాసానికి లోటేమీ రాలేదే అని తృప్తి కూడా పడ్డాను. తరువాత నన్ను బాధించింది ఆ తృప్తే. చివరి వాక్యం తీసినా ఎక్కడా వెలితి కనపడలేదంటే, ఆ వాక్యంతో సంబంధమున్న ముక్క మిగతా నాలుగు పేజీల్లో ఎక్కడా లేదన్నమాట. ఆయన కొట్టించింది ఒక్క వాక్యం. మిగిలినదంతా నేనే ముందుగా కొట్టివేసి రాశాను.

ఈ సంగతి నాకై నేను గ్రహించలేదు. సభ అయిన వారం రోజులకు నా పాత విద్యార్థి ఒకడు సంచిక పట్టుకొని వచ్చాడు. కోయ కుర్రవాడు, అప్పటికి డిగ్రీ చదువుతున్నాడు. మొదట గురుభక్తి కొద్దీ "బాగుంది సార్" అన్నాడు. కాసేపు కాగితాలు తిరగేసి, నెమ్మదిగా, "రాజు దేనికోసం తిరగబడ్డాడో మటుకు ఇందులో లేదు సార్" అన్నాడు.

"లేకపోవటమేమిటి? తెల్లవాళ్ళ మీద తిరగబడ్డాడు" అన్నాను.

"తెల్లవాళ్ళ మీద, సరే సార్. దేనికోసం?"

వాళ్ళ నాన్న పోడు చేను మీద తగాదా ఉన్నదని నాకు తెలుసు. చేను అంచున కందకం తవ్వారనీ, రెండు పంటలు పోయాయనీ ఆ కుర్రవాడే అంతకుముందు చెప్పాడు. వాడు ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తితే నేనేదో ఒకటి సమాధానం చెప్పి ఉందును. వాడు అడిగింది పాఠంలోని ప్రశ్న. పాఠం చెప్పినవాణ్ణి నేను.

దేనికోసం? ఈ ప్రశ్నకు సమాధానం ఎవరూ దాచిపెట్టినది కాదు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. దాని కింద అడవి రిజర్వు అయింది. రిజర్వు అయిన చోట చెట్టు కొట్టి, తగలబెట్టి, ఆ బూడిదలో సామలూ జొన్నలూ చల్లుకొనే పోడు నేరమైంది. తరతరాలుగా చేసుకొంటున్న సేద్యం ఒక కాగితంతో దొంగతనంగా మారింది. పశువు మేసినా నేరమే, కట్టె తెచ్చుకొన్నా నేరమే. నేరమైన చోట జులుమానా ఉంటుంది, జులుమానా ఉన్న చోట దాన్ని వసూలు చేసే జవాను ఉంటాడు, జవాను ఉన్న చోట కోడిపుంజులు మాయమవుతాయి. దీని పైన రోడ్డు పనులు. నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు ఘాట్ రోడ్డు వేయించిన గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్, కొండవాళ్ళ చేత చాలీచాలని కూలికి, ఒక్కోసారి ఆ కూలి కూడా లేకుండా చాకిరీ చేయించాడు. మన్యం పితూరీ మొదట రాజుకొన్నది ఈ రోడ్డు మీద, ఈ రిజర్వు గట్ల మీద. రామరాజు 1917లో అక్కడికి వెళ్ళి, ఆ జనం మధ్య ఐదేళ్ళు బతికి, వాళ్ళ కోపాన్ని ఒక దారిన పెట్టాడు. మూడు స్టేషన్లలో చేజిక్కిన ఇరవయ్యారు తుపాకులూ, రెండున్నర వేల పైచిలుకు తూటాలూ ఆ కోపం చేతికి వచ్చిన ఆయుధాలు.

ఇదంతా నాకు తెలుసు. నా బీరువాలో ఉన్న పుస్తకాల్లో ఉన్నది. తెలిసి కూడా ముప్పయి నాలుగేళ్ళు తరగతిలో నేను చెప్పినది ఏమిటి? విల్లు, గడ్డం, కాషాయం, మిరపకాయ టపా, చెట్టుకు కట్టి కాల్చినప్పుడు చెక్కుచెదరని గుండె. పిల్లలు కళ్ళు పెద్దవి చేసుకొని వినేవాళ్ళు. నేనూ ఆవేశపడేవాణ్ణి. వెనక బెంచీలో కూర్చున్న కోయ పిల్లలు ఇంటికి పోతే ఏ చేను మీద ఏ కేసు నడుస్తున్నదో నాకు తెలుసు. ఈ రెండూ ఒకే కథ అన్న మాట మటుకు నా నోట రాలేదు.

ఇక్కడ మా సరిహద్దుకు సంబంధించిన మరొక సంగతి చెప్పాలి. రామరాజు గూడెం కొండల్లోకి రావటానికి ముప్పయి ఎనిమిదేళ్ళ ముందే పితూరీ మా వైపుకు వచ్చింది. 1879లో రంపలో చిగురు పన్ను మీద, అంటే కల్లు మీద వేసిన పన్ను మీద, మన్సబుదారు దోపిడి మీద తిరుగుబాటు లేచినప్పుడు, అది భద్రాచలం తాలూకాలోని రేకపల్లికి కూడా పాకింది. రేకపల్లి ప్రాంతం 1874 దాకా మధ్య పరగణాల్లో ఉండేది. అక్కడ పోడుకు గొడ్డలి లెక్కన పన్ను కట్టేవారు. ఎన్ని గొడ్డళ్ళుంటే అన్ని పన్నులు. మద్రాసు పాలనలోకి రాగానే ఆ పన్ను పెరిగింది, కొంత అడవి మూతపడింది. ఆ మీదటనే రేకపల్లి లేచింది. దానికి నాయకుడైన తమ్మన్నదొర 1880లో తుపాకి గుండుకు చనిపోయాడు. ఆయనకు సినిమా లేదు, జయంతి లేదు. పుట్టిన తేదీ తెలియనివాడికి జయంతి ఎట్లా చేస్తారు? రేకపల్లి ఉన్న వరరామచంద్రాపురం మండలం పోలవరం కోసం ఆంధ్రకు మారిన మండలాల్లో ఒకటి. పితూరీ జరిగిన నేలలో కొంతభాగం నీటి కింద చూసుకోవలసినదే కాబోలు.

తమ్మన్నదొరను మరచిపోవటం ఒక రకం. రామరాజును గుర్తుంచుకోవటం మరొక రకం. రెండోది మరింత పకడ్బందీ అయినది. మరచిపోయినవాణ్ణి ఎవరైనా ఏనాడైనా తవ్వి తీయవచ్చును. రోజూ దండలు వేయించుకొంటున్నవాణ్ణి తవ్వి తీయాలన్న ఆలోచన ఎవరికి వస్తుంది?

లెనిన్ 1917లో 'రాజ్యం-విప్లవం' మొదలుపెట్టటమే ఈ మాటతో మొదలుపెట్టాడు. విప్లవకారులను బతికుండగా వేటాడిన వర్గాలే, చనిపోయిన తరువాత వాళ్ళకు పూజలు చేసి, పేరుకు వెలుగు తొడిగి, సిద్ధాంతంలోని పదును తీసివేస్తాయని ఆయన చెప్పిన సంగతి ఈ పత్రిక పాఠకులకు కొత్త కాదు. ఆయన మార్క్సు గురించి అన్నాడు. అయితే మార్క్సుకే పరిమితమైన జబ్బు కాదిది. మన బళ్ళల్లో హెలెన్ కెల్లర్ కథ చెప్పని ఉపాధ్యాయుడు అరుదు. పంపు కింద చెయ్యి పెట్టి నీళ్ళు అన్న మాట నేర్చుకొన్న గుడ్డి, చెవిటి పాప. అక్కడితో కథ ఆగిపోతుంది. ఆ పాప పెరిగి పెద్దదై 1909లో అమెరికా సోషలిస్టు పార్టీలో చేరిందనీ, సమ్మెలను సమర్థించిందనీ, అంతదాకా ఆమెను ఆకాశానికెత్తిన పత్రికలు అప్పటినుంచి ఆమె అభిప్రాయాలను ఆమె అంగవైకల్యానికి అంటగట్టాయనీ ఎవరు చెప్పారు? నేనూ చెప్పలేదు. నాకు పంపు చాలు, పిల్లలకూ పంపు చాలు.

రామరాజు విషయంలో ఈ పని మెట్లు మెట్లుగా జరిగింది. బతికి ఉన్నప్పుడు ఆయన ఎవరికీ సొంతం కాదు. 1921 ప్రాంతాల్లో ఆయన ఖద్దరు కట్టమన్నాడు, కల్లు మానమన్నాడు, కోర్టులకు పోక పంచాయతీల్లో తగాదాలు తీర్చుకోమన్నాడు. అంతవరకూ అది సహాయ నిరాకరణ కార్యక్రమమే. కాని అహింసతో స్వరాజ్యం రాదనీ, బలప్రయోగం తప్పదనీ కూడా అన్నాడు. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా తరువాత ఉద్యమాన్ని ఆపివేసిన కాంగ్రెసు నాయకత్వం, ఆగస్టులో లేచిన ఈ సాయుధ పితూరీని తనదని ఒప్పుకోలేదు. 1929లో గాంధీగారు ఆంధ్రదేశంలో తిరిగి వెళ్ళాక రామరాజు గురించి రాస్తూ, ఆయన సాహసాన్నీ త్యాగాన్నీ మెచ్చుకొన్నారు గాని, సాయుధ తిరుగుబాటును మెచ్చుకోలేనని స్పష్టంగా చెప్పారు. గాంధీగారి మాట నిజాయితీ కలిగినది. మనిషిని వేరు చేసి, మార్గాన్ని వేరు చేసి, ఆ సంగతి దాచకుండా చెప్పారు. తరువాత వచ్చినవాళ్ళు ఆ రెండో సగం చెప్పటం మానివేశారు.

స్వాతంత్ర్యం వచ్చాక పితూరీ మాయమై, స్వాతంత్ర్య సమరంలో ఒక ఘట్టం మిగిలింది. ఘట్టానికి శత్రువు ఒక్కడే, దొర. దొర పడవెక్కి పోయాడు గనక సమస్య తీరిపోయింది. 1882 చట్టం పడవెక్కలేదన్న సంగతి అప్రస్తుతమైంది. ఆ చట్టం స్వతంత్ర భారతంలోనూ చాలాకాలం చట్టంగానే ఉన్నది. రిజర్వు రిజర్వుగానే ఉన్నది, గట్టు మీద జవాను జవానుగానే ఉన్నాడు. 1974లో సినిమా వచ్చింది. నేను ఖమ్మంలో నేల టిక్కెట్టులో కూర్చుని చూశాను, ఈల కూడా వేశాను, సిగ్గుపడను. అందులో శ్రీశ్రీ రాసిన పాటకు జాతీయ బహుమతి వచ్చింది. విప్లవకవి రాసిన పాట ఆనాటినుంచి బడి వార్షికోత్సవాల్లో నృత్యమైంది. 1986లో తపాలా బిళ్ళ వచ్చింది. ఒక్కొక్క గౌరవం వచ్చినప్పుడల్లా విల్లు కొంచెం పెద్దదయింది, పోడు కొంచెం చిన్నదయింది. ఆ విల్లు సంగతే చూడండి. స్టేషన్లు కొట్టి తుపాకులు తీసుకుపోయిన మనిషి ఆయన. దామనపల్లి ఘాటులో 1922 సెప్టెంబరులో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు పడిపోయింది బాణాలకు కాదు, తుపాకి గుండ్లకు. కాని నాలుగు రోడ్ల కూడలిలో తుపాకి పట్టిన విగ్రహం బాగుండదు. విల్లు పురాణంలోనిది, దాన్ని చూసి ఎవరూ ఉలిక్కిపడరు.

2022లోనే వచ్చిన మరొక సినిమా ఈ కథను చివరి మెట్టు ఎక్కించింది. అందులో రామరాజునూ కొమరం భీమునూ స్నేహితులను చేశారు. కల్పితమని వాళ్ళే చెప్పుకొన్నారు గనక అందుకు తగవు లేదు. నా తగవల్లా ముగింపుతో. కొమరం భీము 1940లో జోడేఘాటు దగ్గర నిజాము పోలీసుల చేతుల్లో చనిపోయిన గోండు. గోండులు కొట్టుకొని సేద్యం చేసుకొన్న నేల తమకే దక్కాలన్నది ఆయన పోరాటం. నీరూ అడవీ భూమీ అన్న నినాదాన్ని జనం ఆయన పేరుతోనే చెప్పుకొంటారు. సినిమా చివర భీము చదువు చెప్పమని రాముణ్ణి అడుగుతాడు, రాముడు ఆ మూడు మాటలూ జెండా మీద రాసి ఇస్తాడు. గిరిజనుడి నినాదాన్ని గిరిజనుడికే పాఠంగా చెప్పారు. హాలంతా చప్పట్లు. నా పక్క కుర్చీలో మా మనవడు కూడా చప్పట్లు కొట్టాడు, వాణ్ణి ఏమనగలను? నేను తరగతిలో చేసింది అంతకంటే వేరా?

ఇంతవరకూ చదివిన మన మిత్రులకు హాయిగానే ఉండవచ్చు. పాలకవర్గం, సినిమా, కాంగ్రెసు, అందరూ దొరికారు. ఇక మన సంగతి. వామపక్ష సభల్లో నేను విన్న రామరాజు ఎవరు? గెరిల్లా యుద్ధ నిపుణుడు, వర్గపోరాట యోధుడు, అర్ధంతరంగా ఆగిపోయిన విప్లవానికి ముందుమాట. ఆ రామరాజు తపస్సు చేయడు, పూజ చేయడు. తుపాకి గుండ్లు ఆయన మీద పని చేయవని కొండవాళ్ళు నమ్మారన్న మాట మన ఉపన్యాసాల్లో రాదు. వస్తే మూఢనమ్మకమని ముందరే క్షమాపణ చెప్పుకొంటాము. కాని ఆ నమ్మకం లేకపోతే ఆ జనం ఆయన వెంట నడిచేవాళ్ళా? కాషాయం ఒకరు దాచుకొంటే తుపాకి మరొకరు దాచుకొన్నారు. మనిషి ఇద్దరి దగ్గరా సగమే ఉన్నాడు.

ముఠాదారుల సంగతి ఇంకా ఇబ్బందైనది. రామరాజు పక్కన నిలిచిన గాము గంటందొర, మల్లుదొర అన్నదమ్ములు ముఠాదారీ కుటుంబం వాళ్ళు. ముఠాదారు అంటే కొన్ని ఊళ్ళ మీద శిస్తు వసూలు చేసి సర్కారుకు కట్టి, మిగిలినది తినే వంశపారంపర్యపు పెద్ద. తెల్లవాళ్ళు వాళ్ళ అధికారాలు కత్తిరించి, కొందరి ముఠాలు ఊడగొట్టారు. ఆ కడుపుమంట కూడా పితూరీలో కలిసింది. పోడు రైతు ఆకలీ, పెత్తనం పోయిన పెద్దల రోషమూ ఒకే దారిలో నడిచాయి. ఇది మన సూత్రానికి సరిపడదు గనక మనం ఒక సగాన్ని మింగివేశాము. మల్లుదొర పట్టుబడి, శిక్షపడి, తిరిగి వచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకు ఎన్నికైనాడు. ఉరికంబం దాకా పోయివచ్చి పార్లమెంటులో కూర్చున్న ఒక కొండదొర జీవితాన్ని మన సభల్లో ఎందరు చెప్పారు? ఆయన బతికి ఉండటమే ఆయన చేసిన తప్పు కాబోలు. చనిపోయినవాడు ఎదురు మాట్లాడడు.

ఖమ్మం వైపున దాశరథిగారికి జరిగినదీ ఇటువంటిదే. ఆయన ఖమ్మంలో చదువుకొన్నాడు, ఆంధ్ర మహాసభలో తిరిగాడు, నిజామాబాదు జైల్లో గోడ మీద బొగ్గుతో పద్యాలు రాశాడు. తెలంగాణ గురించి ఆయన రాసిన ఒక్క పాదం ఈనాడు ప్రతి వేదిక మీదా వినిపిస్తుంది. ఆ పాదం చుట్టూ ఉన్న రైతు, ఆకలి, నిజాము మీద నిప్పులు వినిపించవు. అదే కవి 'మహాంధ్రోదయం' కూడా రాశాడన్న సంగతి ఎవరికీ అక్కరలేదు. విశాలాంధ్ర కావాలన్నందుకు ఆయనను తప్పుపట్టవచ్చు, పట్టకపోవచ్చు. దాచటం మటుకు ఆయనను గౌరవించటం కాదు. పోనీ, ఇది వేరే వ్యాసానికి సరిపడే సంగతి.

సాయుధ పోరాట కాలంలో పాల్వంచ అడవుల్లో కోయలను కూడగట్టి, పోలీసుల చేతుల్లో చనిపోయిన సోయం గంగులు పేరు మా పార్టీ వృద్ధులు తలుస్తారు. అడవి పల్లెల్లో ఆ పేరు చెబితే తల ఎత్తి చూసే ముసలివాళ్ళను నేనెరుగుదును. ఆయన పేరుతో మాత్రం మా బడిలో ఒక్క పాఠమూ లేదు. ఆ లోటుకు పాఠ్యపుస్తకాన్ని తిట్టవచ్చు. కాని రామరాజు పాఠం పుస్తకంలో ఉండి కూడా నేను సగమే చెప్పాను గదా.

మా కుర్రవాడి ప్రశ్న నన్ను ఇంత దూరం తిప్పింది. మళ్ళీ వాడి దగ్గరికి వస్తాను. ఆ యేడు చలికాలంలో మా ప్రాంతంలో పోడు దరఖాస్తుల మీద గ్రామసభలు జరిగాయి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13కు ముందునుంచీ ఆ భూమి సాగులో ఉన్నదని గిరిజనుడు చూపించుకోవాలి. రోజులు బాగా లేవు. నవంబరులో చండ్రుగొండ మండలంలో మొక్కల ప్లాంటేషన్ దగ్గర తగాదాలో ఒక అటవీ రేంజి అధికారిని నరికి చంపారు. చంపినవాళ్ళు ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన గుత్తికోయలు. చనిపోయినది నెల జీతం మీద బతికే ఉద్యోగి. ఈ మాట రాయకుండా దాటిపోతే నేను మళ్ళీ కలం తీసి కొట్టివేసినట్టే అవుతుంది. విగ్రహాల కింద చట్టం నూట నలభై యేళ్ళు తేలకుండా ఉంటే, ఆ చట్టానికి అటు నిలబడ్డవాడూ ఇటు నిలబడ్డవాడూ ఇద్దరూ బీదవాళ్ళే అవుతున్నారు.

ఆ నెలలోనే కుర్రవాడు మళ్ళీ వచ్చాడు. "సార్, మా నాన్న చేనుకు కాగితాలు లేవు. ఊరి పెద్దవాళ్ళు చెప్పింది రాసి పెట్టినా చెల్లుతుందంట. మీరొచ్చి రాస్తారా?" అన్నాడు. నేను నియమావళి తెప్పించి చూశాను. నిజమే. దరఖాస్తుదారు కాని పెద్దలు చెప్పిన మాటను రాతలో పెడితే అది కూడా ఒక సాక్ష్యం. ముప్పయి నాలుగేళ్ళు చరిత్రకు ఆధారాలేమిటో చెప్పాను. శాసనాలు, నాణేలు, కట్టడాలు, విదేశీ యాత్రికుల రాతలు. కోయ ముసలివాడి జ్ఞాపకం కూడా చట్టానికి ఆధారమని మటుకు నా విద్యార్థి నాకు చెప్పవలసివచ్చింది.

ఒక ఆదివారం పొద్దున వాళ్ళ గూడేనికి వెళ్ళాను. ఇప్పచెట్టు కింద మంచం వేశారు. డెబ్భై దాటిన ఒకాయన ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. ఏ సంవత్సరం చేను కొట్టారని అడిగాను. సంవత్సరం ఆయనకు తెలియదు. "పెద్ద వరద వచ్చిందే, అప్పటికి నువ్వుల పంట రెండోసారి తీస్తన్నారు" అన్నాడు. పెద్ద వరద అంటే మా ప్రాంతంలో ఒకటే. 1986 ఆగస్టు, భద్రాచలం దగ్గర గోదావరి డెబ్భై అయిదు అడుగులు దాటింది. అంటే చట్టం అడిగిన గడువుకు ఇరవై యేళ్ళ ముందు. రాసుకొన్నాను. తరువాత ఆయన ఆ చేనుకు ముందు ఎవరి పోడు ఎక్కడ ఉండేదో, ఏ వాగు దాకా రిజర్వు రాళ్ళు వేశారో, రాళ్ళు వేసిన మనిషికి ఎన్ని కోళ్ళు ఇచ్చారో, ఒక జవాను తన తమ్ముణ్ణి ఎక్కడ కొట్టాడో, అన్నీ చెప్పుకుపోయాడు. జవాను సంగతి దరఖాస్తుకు అవసరం లేదు. నా కలం అక్కడ ఆగింది.

ఆయన అది చూశాడు. చదువు రాని మనిషికి కలం ఆగటం బాగా తెలుస్తుంది.

"అది రాయలేదేం సారూ?" అన్నాడు.

రాశాను. ఆఖరున అంతా చదివి వినిపించమన్నాడు. చదివాను. కోళ్ళ లెక్క మూడు అని రాశాను, నాలుగు అని దిద్దించాడు. అప్పుడు బొటనవేలు సిరాపెట్టె మీద అద్దుకొని కాగితం కోసం చెయ్యి చాపాడు.